కూలి కాదు, కృప

డిగ్రీ చదివే విద్యార్థికి "గ్రేసు మార్కులు" అంటే ఏమిటో వివరించి చెప్పనక్కరలేదు. ముప్పై అయిదు రావలసిన చోట ముప్పై మూడు వస్తే, యూనివర్సిటీ దయదలచి రెండు కలుపుతుంది. వాడు గట్టున పడతాడు. పన్నెండు వచ్చినవాడి వంక ఆ దయ కన్నెత్తి కూడా చూడదు. నేను క్రైస్తవుణ్ణని తెలిసిన మిత్రులు క్యాంటీన్లో నన్ను ఏడిపించేవారు. "మీది హాయైన మతంరా బాబూ! అన్నీ గ్రేసు మార్కులే. పొద్దున్న పాపం, సాయంత్రం ప్రార్థన, రాత్రికి పరలోకం!" అని.

ఆ ఎగతాళికి నవ్వి ఊరుకునేవాణ్ణి. కాని కొన్నేళ్ళకు అదే ప్రశ్న మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. అప్పుడది ఎగతాళి కాదు, నిలదీత. అందుకే ఈ సంచికకు ఏదైనా వ్రాయమన్నప్పుడు ఇదే వ్రాద్దామనుకున్నాను. నేను పాస్టరును కాను. వేదాంత కళాశాలలో చదివినవాణ్ణీ కాను. ఎవరినీ మా గుడికి రమ్మనే ఉద్దేశం అంతకంటె లేదు. పాతబస్తీలో పుట్టి పెరిగిన ఒక తెలుగు క్రైస్తవుడికి తన విశ్వాసంలోకెల్లా కష్టమైన మాట ఎలా అర్థమయిందో చెప్పడం వరకే నా పని.

పాతబస్తీలో పుణ్యకార్యాలకు లోటు లేదు. మొహర్రం వచ్చిందంటే దారి పొడుగునా సబీళ్ళు వెలుస్తాయి. దాహమయినవాడెవడైనా సరే, ఆగి నీళ్ళో షర్బతో తాగి పోవచ్చు. నీ పేరేమిటని అడిగేవారుండరు. రంజాన్ నెలలో కలిగినవాళ్ళు తమ ఆస్తికి లెక్క కట్టి జకాత్ తీస్తారు. ఆషాఢంలో లాల్ దర్వాజ బోనాల నాడు సందు సందునా అన్నం పెడతారు. ఈ గాలి పీల్చి పెరిగినవాడికి మంచి పని అంటే జమ, చెడ్డ పని అంటే ఖర్చు, చివర్న పైవాడు చిట్టా విప్పి నిలువ తేలుస్తాడు అన్న సంగతి ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఆ భయం మీద, ఆ ఆశ మీద ఎన్నో ఆకలి కడుపులు నిండుతున్నాయి.

మరి మా రేకుల షెడ్డు గుడిలో ప్రతి ఆదివారం అయ్యగారు చెప్పే మాట దీనికి అడ్డంగా వుండేది. మంచి పనుల వల్ల రక్షణ రాదు, కృప వల్లనే వస్తుంది అనేవారు. పౌలు రోమా సంఘానికి వ్రాసిన ఉత్తరంలో ఒక తేడా చూపిస్తాడు. పని చేసినవాడికి ఇచ్చేది కూలి. అది వాడి హక్కు. ఇచ్చేవాడు బాకీ తీరుస్తున్నాడే గాని దయ చూపడం లేదు. హక్కు లేనివాడికి ఇచ్చేదే కృప. ఎఫెసు సంఘానికి వ్రాసిన దాంట్లో రెండవ అధ్యాయంలో ఈ మాట ఇంకా తేటగా వుంది. రక్షణ మనిషి సంపాదన కాదని, దేవుడు చేతిలో పెట్టిన కానుక అని, అందువల్ల గొప్పలు చెప్పుకోవడానికి యెవరికీ చోటు లేదని దాని సారం. ఉచితం అంటే ఖరీదు లేదని కాదు. ఆ ఖరీదు మనం చెల్లించలేదని. సిలువ మీద యేసు చెల్లించాడని మా నమ్మకం.

కనుక ఇది గ్రేసు మార్కుల వ్యవహారం కాదు. గ్రేసు మార్కులు దాదాపు పాసయినవాడికే. ఇక్కడ ముప్పై మూడు వచ్చినవాడూ, పన్నెండు వచ్చినవాడూ, తెల్ల కాగితం ఇచ్చి వచ్చినవాడూ ఒకే వరుసలో నిలబడతారు. క్లాసు ఫస్టు వచ్చినవాణ్ణి కూడా అదే వరుసలో నిలబెడతారు. నిజానికి మంట పుట్టేది ఇక్కడే. చెడ్డవాడికి దొరికిందని కాదు, మంచివాడికి వేరే క్యూ లేదని.

మత్తయి సువార్త ఇరవయ్యవ అధ్యాయంలోని ద్రాక్షతోట కథ నాకు పుస్తకంలో కంటె చాంద్రాయణగుట్ట దారిలోని కూలీల అడ్డా దగ్గర బాగా బోధపడింది. తెల్లారక ముందే మనుషులు వచ్చి నిలబడతారు. కొందరి చేతిలో తాపీ, కొందరి చేతిలో పార, భుజాన టిఫిన్ డబ్బా సంచి. మేస్త్రీ వస్తాడు, కండ చూస్తాడు, వయస్సు చూస్తాడు, నలుగురిని ఏరుకొని పోతాడు. తొమ్మిదయ్యేసరికి మిగిలేది ముసలివాళ్ళూ, బక్కవాళ్ళూ, చెయ్యి వణికేవాళ్ళూ. పదకొండు దాటినా పోకుండా నిలబడ్డవాణ్ణి చూస్తే, ఇంటికి వట్టి చేతులతో పోలేక నిలబడ్డాడని తెలిసిపోతుంది. కథలో యజమాని తెల్లవారినప్పుడు కొందరిని, పొద్దెక్కాక కొందరిని, మధ్యాహ్నం కొందరిని పిలుస్తాడు. ఇంకొక్క గంటలో పొద్దు గూకుతుందనగా మళ్ళీ అడ్డాకు వచ్చి మిగిలినవాళ్ళను పిలుస్తాడు. చివరికి అందరి చేతిలో ఒక రోజు కూలి పెడతాడు. పొద్దుటి నుంచి ఎండలో మాడినవాళ్ళు గొణుగుతారు. వాళ్ళ గొణుగుడు అన్యాయమైంది కాదు. ఏ కూలీల సంఘం నాయకుణ్ణి అడిగినా వాళ్ళ పక్షమే మాట్లాడతాడు. యజమాని వాళ్ళకిచ్చిన మాట తప్పలేదు, ఒక్క పైసా తగ్గించలేదు. కడపట వచ్చినవాడి పిల్లలు కూడా ఆ రాత్రి పూర్తి అన్నం తినాలని మాత్రం చూశాడు. అంతే ఆ కథ.

ఇది పడమటి దేశాల నుంచి దిగుమతి అయిన ఆలోచన అని కొందరంటారు. నిజమే, 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించి తొంభై అయిదు వాదాలు వెల్లడించిన తరువాత ఈ మాట మీద ఐరోపా అంతా రెండుగా చీలింది. ఆ లూథర్ పేర నడిచే సంఘం తరఫున హేయర్ దొర 1842లో గుంటూరు వచ్చాడు. అంత చీలికకూ మూలమైన వాదం మీద లూథరన్లూ కాథలిక్కులూ 1999లో అదే అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మనిషిని దేవుడు అంగీకరించేది కృప వల్లనే, ఆ కృప మనిషిని మంచి పనులకు కదిలిస్తుంది అన్న మూల విషయంలో తాము ఒకటేనన్నారు. నాలుగు వందల ఎనభై రెండేళ్ళు పట్టింది!

అయితే ఈ ప్రశ్న మన గడ్డకు కొత్తదేం కాదు. శ్రీవైష్ణవులలో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండున్నాయి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా కరచుకోవాలి. పిల్లికూనను తల్లే నోట కరచుకొని పోతుంది. కూన చేసేదేమీ లేదు. వేదాంత దేశికుల వారిని అనుసరించిన వడగలై వారు మొదటిదాన్ని, పిళ్ళై లోకాచార్యుల వారిని అనుసరించిన తెంగలై వారు రెండోదాన్ని పట్టుకొన్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసినప్పుడు, తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణగా మారిన చోట వున్న చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకొంటారు. ఆ చెట్టు ఎవరి గుణగణాలూ అడగలేదు. ఐతే పట్టుకోవడమనేది ఒకటుంది గదా, అది మర్కట న్యాయం. చేతులు జారిపోయినవాడి సంగతేమిటి? క్రైస్తవ బోధ ఆ చివరివాడి దగ్గర మొదలవుతుంది. విశ్వాసం కూడా మన చేతి బలం కాదు, కిందికి వచ్చిన చెయ్యిని వద్దనకపోవడమే అంటుంది.

మా సందులో చాలా ఇళ్ళ గడపల పైన, దుకాణాల నుదుటి మీద, ఇది నా ప్రభువు అనుగ్రహం అని అర్థం వచ్చే అరబ్బీ పలక వుంటుంది. అందులోని "ఫజల్" అన్న మాట మా "కృప"కు చుట్టమే.

ఇక తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఈ బోధకు నిజమైన పరీక్ష జరిగింది ఒంగోలులో. 1876లో మొదలైన మహా కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకొన్నాడు. వేలమందికి పని దొరికింది, కూలి దొరికింది. ఆ రోజుల్లోనే వందలకొద్దీ మనుషులు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. కరువు పని సాగినంత కాలం, పదిహేను నెలలపాటు, ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ళకూ రాకూడదు, తనకూ రాకూడదని. 1878లో సహాయం పంచడం అయిపోయింది, ఇక నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు అని తేల్చిచెప్పిన తరువాత వాళ్ళు తిరిగి వచ్చారు. ఆ ఏడు జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి ఇచ్చినవారు తెలుగు బోధకులే, వంతులవారీగా.

ఈ సంఘటన మీద అప్పుడూ ఇప్పుడూ వాదాలున్నాయి. కరువు లేకపోతే అంతమంది వచ్చేవారా అని అడిగేవారున్నారు. అడగదగిన ప్రశ్నే. కడుపు కాలినప్పుడు ఆదుకొన్నవాడి మాట మనసుకు ఎక్కుతుంది, అది మానవ సహజం. నేను గమనించింది ఇంకొకటి. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి తాకనివ్వని మనిషికి తరతరాలుగా చెప్పిన కారణం ఏమిటి? పూర్వజన్మలో నువ్వు చేసుకొన్నది ఇప్పుడు అనుభవిస్తున్నావు అని. అంటే నీ బతుకే నీకు గిట్టిన కూలి అని. అలాంటివాడితో ఎవరో వచ్చి, దేవుడు నీ లెక్క చూసి నిన్ను పిలవడం లేదు అంటే, అది ఎంత పెద్ద మాట! కలిగినవాడికి కృప అంటే గర్వభంగం. లేనివాడికి కృప అంటే తల ఎత్తుకోవడం. ఒకే మాట ఇద్దరికీ రెండు విధాల వినిపించింది. క్లౌ చేసిన పనిలో నాకు నచ్చిందల్లా ఇది: కాలువగట్టు మీద కూలి ఇచ్చాడు, కృపను ఏటి ఒడ్డుకు వదిలాడు. రెంటినీ కలపలేదు.

ఇంతవరకూ పుస్తకాల సంగతి. మా ఇంటి సంగతి ఇప్పుడు చెప్పాలి.

మా నాయిన బేగంబజారులో హమాలీ. మంచి కండబలం, మంచి కంఠం. కాని సంపాదించినదంతా సారా కొట్టుకు పోసేవాడు. నాకు ఏడేళ్ళప్పుడు ఇల్లు వదిలిపోయాడు. అమ్మ ఒక బడిలో ఆయాగా కుదిరింది. అక్క పదో తరగతి మధ్యలో మానేసి అగరుబత్తీలు చుట్టే పనికి పోయింది. నా చదువు ఆగకుండా వుండడానికే తన చదువు ఆగింది. ఆదివారం మాత్రం ముగ్గురం గుడికి పోయేవాళ్ళం. అప్పుడప్పుడు అమ్మ మమ్మల్ని ముషీరాబాదులో భక్తసింగ్ గారు స్థాపించిన హెబ్రోనుకు తీసుకుపోయేది. అక్కడ కూటం తరువాత ప్రేమవిందు వుంటుంది. ఆఫీసరూ హమాలీ పక్క పక్కన చాప మీద కూర్చొని ఒకే అన్నం తింటారు. అమ్మకు ఆ చాప అంటే ఎంత ఇష్టమో.

ఇరవయ్యేళ్ళు దాటిన తరువాత నాయిన తిరిగి వచ్చాడు. ఎవరో ఆటోలో తెచ్చి గుమ్మం ముందు దింపి పోయారు. కాలేయం పూర్తిగా చెడిపోయిందన్నారు. అమ్మ ఒక్క మాట అనకుండా మంచం వాల్చింది. నలభై రోజులు బతికాడు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసేవారు. ఒకనాడు నాయిన ఆయనతో, "నా తాన సూపెట్టనీకి ఏం లేదయ్యా, ఒక్కటి గూడ లేదు" అన్నాడు. అయ్యగారు, "ఏమీ లేనివాళ్ళ కోసమే ఆయన వచ్చాడు" అన్నారు. నాయిన ఆ రోజు చాలాసేపు ఏడ్చాడు. ఆ తరువాత ఏడవలేదు. నెమ్మదిగా వుండేవాడు.

ఒకసారి అక్కను పిలిపించి క్షమించమని అడిగాడు. అక్క గోడ వంక చూస్తూ నిలబడింది. కొంచెం సేపటికి ఆయనే అన్నాడు: "ఇయ్యకు బిడ్డా. నీకు ఇయ్యాలనిపిస్తె ఇయ్యి, లేకుంటె లేదు. అడిగే మొకం నాకు లేదు." తోటి హమాలీల చిట్టీలో తన పేర మిగిలిన మూడు వేలు తెప్పించి ఒక కవరులో పెట్టి, పెద్ద బిడ్డకియ్యమని అమ్మ చేతికిచ్చాడు.

భూస్థాపన నాడు అయ్యగారు నాయిన ప్రభువు దగ్గర వున్నాడన్నారు. ఆ రాత్రి దీపం ముందు కూర్చున్నప్పుడు అక్క బయటపడింది.

"అమ్మ ఇన్నేండ్లు కష్టం జేసింది. ఆయన నలభై దినాలు ఏడ్సిండు. ఇద్దరికి ఒక్కటే పరలోకమా? గట్లయితె అమ్మకు మిగిలిందేంది?"

"నేను కూలికి జేసిన్నా బిడ్డా? మీరు నా పిల్లలని జేసిన. ఆయనకు దొరికితె నాది తక్కువైతదా?" అన్నది అమ్మ.

"నీకు తక్కువ గాలే. నాకైంది. దేవుడు మాఫ్ జేస్తె జెయ్యనీ, గది ఆయన ఇష్టం. నా సదువు నాకెవరిస్తరు?"

దానికి అమ్మ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పటికీ దానికి చులాగ్గా చెప్పే జవాబు వుందని నేననుకోను. దేవుని దగ్గర బాకీ కొట్టేసినంత మాత్రాన మనుషుల దగ్గరి బాకీ తీరిపోదు. లూకా సువార్తలో జక్కయ్య కథ అదే గదా! సుంకాలు వసూలు చేసి జనాన్ని దోచుకొన్నవాడి ఇంటికి యేసు తనంత తానుగా పోతాడు. ముందు లెక్కలు తేల్చుకొని రమ్మనలేదు. కాని ఆయన గడపలో అడుగు పెట్టిన తరువాత జక్కయ్య తానే లేచి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకొన్నానో వారికి నాలుగంతలు ఇస్తానన్నాడు. కృప ముందు, లెక్క తరువాత. లెక్క లేకుండా మాత్రం కాదు. యాకోబు తన పత్రికలో క్రియలు లేని విశ్వాసం పీనుగతో సమానమన్నట్టు మందలించిందీ ఇందుకే. జర్మనీ పాస్టరు బోన్‌హోఫర్ 1937లో తన పుస్తకంలో "చవక కృప" అని ఒక మాట వాడి, మార్పు అడగని క్షమాపణను దుయ్యబట్టాడు. హిట్లర్‌ను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరి తీశారు. కృపను నమ్మినవాడు చేతులు ముడుచుకు కూర్చుంటాడనేవారు ఆ మనిషిని గుర్తు చేసుకోవాలి.

నాయిన దగ్గర నాలుగంతలు లేవు. మూడు వేలున్నాయి. దానికంటె విలువైనది ఇంకొకటి చేశాడనుకుంటాను. తనకు క్షమాపణ దొరికిందని నమ్మినవాడు, అదే క్షమాపణను కూతురి దగ్గర దబాయించి తీసుకోలేదు. "దేవుడే క్షమించాడు, నువ్వెవరు?" అనలేదు. కృప హక్కు కాదని అర్థమయినవాడే అలా ఆగగలడు.

పాడె మోసినవారిలో మా పక్కింటి చాచా కూడా వున్నారు. గాజుల పని చేసి చేసి వేళ్ళు కాలిన పెద్దమనిషి. ఐదు పూటలా నమాజు తప్పనివారు. సమాధుల తోట నుంచి తిరిగి వస్తుంటే ఆయనను అడిగాను, మీ లెక్కన మా నాయిన సంగతేమిటి అని. మంచీ చెడూ తూచే తరాజు వుందని వాళ్ళ నమ్మకం నాకు తెలుసు. చాచా కొంత దూరం నడిచి, "తరాజూ తో హై బేటా, మగర్ పల్లా ఉస్కీచ్ రహమత్ సే ఝుక్తా" అన్నారు. తరాజు వుంది గాని పళ్ళెం వంగేది ఆయన దయ వల్లనే అని. మా మతాలు ఒకటేనని ఆయనా అనలేదు, నేనూ అనను. కాని తన పుణ్యం చాలునని మాత్రం ఆ ముసలాయన అనుకోలేదు.

ఆ కవరు రెండేళ్ళు అక్క ఇంట్లో బీరువా మీదే వుంది. తరువాత తన కూతురి ఇంటర్ ఫీజుకు తీసింది. క్షమించానని అక్క ఇంతవరకూ అనలేదు. అమ్మ అడగలేదు.

మంచి పనులు అక్కరలేదని చెప్పే బోధ ఇది కాదు మిత్రులారా. మంచి పనిని బేరంలోంచి విడిపించే బోధ. రేపటి పరలోకం కోసం ముద్ద పెట్టేవాడి కళ్ళు సగం తన ఖాతా మీదే వుంటాయి. ఇక సంపాదించుకోవలసిందేమీ లేదని తెలిసినవాడు ఎదుటివాడి ఆకలి వంక చూడగలడు. మా అమ్మ నలభై రోజులు ఆ మంచం దగ్గర చేసిన చాకిరీకి నేను పేరు పెట్టవలసి వస్తే సేవ అనను, త్యాగం అనను. ఆమెకు ఎప్పుడో అందినదాన్ని ఆమె ఇంకొకరికి అందించింది. ఎంత ఇచ్చిందో ఆమె లెక్క పెట్టుకోలేదు.